ఒంటె పాలలో తేలిన హైడ్రోమీటర్

నా ఇంటి దారికి నా చేత్తోనే గొళ్లెం పెట్టుకున్న కథ ఇది. నవ్వుకోండి, ఏమీ అనుకోను. ఆనాటి డైరీ తీస్తే నాకూ నవ్వే వస్తుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

అప్పుడు నేను సౌదీలో, హుఫూఫ్‌లోని ఒక ఖర్జూరాల గోదాములో స్టోర్‌కీపర్ని. రిటైరవడానికి మూడు నెలలుంది. ఎగ్జిట్ కాగితం మీద మా యజమాని, అదే మా కఫీల్, సంతకం పెడితే చాలు, అనకాపల్లి. డాబా మీద సాయంత్రపు గాలి, మా ఆవిడ వేయించిన పల్లీలు, చల్లటి బీరు. తలుచుకుంటే అన్నం సహించేది కాదు. గాలినీ ఆవిడనీ హుఫూఫ్‌కు రప్పించలేను కనుక బీరైనా చేసుకుందామనుకున్నాను. అది నిషేధమైన దేశంలో!

ఇంకొకరైతే ముందు కుండ కొంటారు. నేను హైడ్రోమీటర్‌తో మొదలుపెట్టాను. పులిసే రసం చక్కెర తగ్గి పల్చబడేకొద్దీ లోతుగా మునిగే గాజు గొట్టం అది. బ్యాటరీల వాళ్ల రకం, చేపల తొట్టి రకం, పానకాల రకం... పోల్చి చూస్తూ డైరీలో ఏడు పేజీలు నింపాను. పెళ్లిచూపుల్లో పిల్లను కూడా అంత పరీక్షగా చూడలేదు.

నా గదిలోనే ఉండే జగిత్యాల డ్రైవర్ ఖదీర్ ఊరుకుంటాడా?

"ఏంది సార్, రెండు నెలల సంది ఈ గొట్టం ముచ్చటేనా? జరం చూసేదా ఇది?"

"బీరు చూసేది."

"తోబా తోబా! దొరికితే జైలే. మరి కుండేది?"

"అది వచ్చే నెల."

"అయితే భయం లేదు తియ్. మీరు ఏరుకునేలోపు నేను బార్లీ పండిస్త!"

గొట్టం వచ్చింది. గోదాములో గ్లాసెడు నీళ్లలో వేసి, సరైన గీత దగ్గర నిలిచిందా లేదా అని చూస్తున్నాను. ఇంతలో కఫీల్ వచ్చాడు, చేతిలో నా ఎగ్జిట్ కాగితంతో.

"ఏమిటది, రావ్?"

గ్లాసు వెనక్కి జరిపాను. "పాలు... పాలలో నీళ్లు కలిశాయేమో చూసేది, సార్."

"సుభానల్లా! పద, కారెక్కు."

ఆయనకు ఎడారిలో నలభై ఒంటెలున్నాయని నాకేం తెలుసు? అక్కడికి వెళ్లేసరికి నాలుగు క్యాన్లలో పాలున్నాయి. మూడింట్లో గొట్టం ఒకే ఎత్తున తేలింది. నాలుగో దాంట్లో బాగా మునిగింది. "ఇందులో నీళ్లున్నాయి!" అనేశాను. ఆ ఉత్సాహమే కొంప ముంచింది. పాలు పితికే ముసలాయన తల గోక్కుంటూ ఒప్పేసుకున్నాడు.

కఫీల్ నన్ను కావలించుకున్నాడు. ఎగ్జిట్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"నీలాంటివాణ్ణి వదులుకుంటానా? ఇంకో రెండేళ్లు ఉండు."

ఆ సాయంత్రం మా ఆవిడకు ఫోన్ చేసి, ఇంకో రెండేళ్లు రాలేనని చెప్పాను.

"ఎందుకు ఆపేరండీ?"

"పాలు చూడటంలో నా అంత వాడు లేడట."

"మీరా! ముప్పయ్యేళ్ల కాపురంలో పొంగిపోతున్న పాలకి ఒక్కసారైనా స్టవ్వు కట్టేరా?" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వయితే ఆగిపోయింది. ఫోన్ మాత్రం ఎవరమూ పెట్టెయ్యలేదు.

ఇంటికి పోవలసిన మనిషి ఏ విద్యా వచ్చినట్టు కనబడకూడదు. ఈ జన్మలో మళ్లీ ఆ పొరపాటు చేయనని సూర్యచంద్రుల సాక్షిగా, నలభై ఒంటెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.