ఇరవై ఎనిమిది డాలర్ల బర్గర్

మా ఆయన శ్రీవత్సకి బర్గర్లకు మార్కులు వేయడం ఒక పిచ్చి. మేముండే ట్రాయ్ ఊళ్ళో గానీ చుట్టుపక్కల గానీ కొత్త చోటు తెరిచారని తెలిస్తే వారం తిరక్కుండా వెళ్ళి తినొస్తాడు. బన్నుకి ఇన్ని, మాంసానికి ఇన్ని, ధరకి ఇన్ని అని లెక్కకట్టి మా బిల్డింగ్‌లోని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో పెడతాడు. చివరి మాట ఎప్పుడూ ఒకటే, పెట్టిన డబ్బుకి న్యాయం జరిగిందా లేదా. మనిషి పుట్టింది మాత్రం రాజమండ్రిలో, ఏకాదశి నాడు ఉల్లిపాయ కూడా తరగని ఇంట్లో. బీఫ్ రుచి చూసింది మిషిగన్ వచ్చాకే.

మా ఇంట్లో ఒక నియమం ఉంది. ఏం తిన్నా బయటే తినాలి. నా పొయ్యి మీద గుడ్డు కూడా ఉడకకూడదు. పక్కనే దేవుడి అర ఉంది మరి. తినొచ్చినవాడు కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికొస్తే ఆ సంగతి అంతటితో సరి. ఈ నియమం పెట్టింది నేనే. అందులో తిరకాసు ఉందని పదేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. తట్టేలా చేసినందుకైనా చంద్రిక గురించి రాయాలి. చివరి రోజుల్లో ఆమె తినాలనుకున్నది ఒక్కటే. అది ఆమెకు దక్కకుండా చేసింది నేను.

చంద్రిక, ఆమె భర్త శశికాంత్ మా కింది అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు. ఇద్దరిదీ జనగామ దగ్గర పక్కపక్క ఊళ్ళు. పిల్లలు లేరు. అతను ఇంట్లో కూర్చునే ప్రోగ్రామ్‌లు రాసేవాడు. ఆమె కార్ల బ్రేకుల సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేసే ఇంజనీర్. నవ్విందంటే మా కార్పెట్ దాటి పైకి వినిపించేది. నేను మొదటి చలికాలం మంచులో కారు తియ్యడానికి భయపడి ఏడుస్తుంటే, ఖాళీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళి నేర్పింది తనే. "అక్కా, జారుతుందని బ్రేక్ మీద నిలబడకు. కాలు తియ్యి. బండి దానంతట అదే సెట్ అయితది" అనేది. నేను కీచుమని అరిస్తే తను పడీపడీ నవ్వేది. ఆ చలికాలం గడిచేసరికి ఎంత మంచులోనైనా గుడికి నేనే డ్రైవ్ చేసుకుని వెళ్ళేదాన్ని.

పాట్‌లక్ ఎక్కడ పెట్టినా పచ్చిపులుసు, సకినాలు తెచ్చేది. ఎవరైనా "మీరు నాన్‌వెజ్ తింటారా?" అంటే "చికెన్, మటన్ తింటం" అని ఆగిపోయేది. ఆ ఆగడం అప్పట్లో నేను గమనించలేదు.

ఒకసారి మేం నలుగురం పక్క ఊరు బర్మింగ్‌హామ్‌లో ఒక చోటికి వెళ్ళాం. జపాన్ జాతి పశువుల మాంసంతో చేస్తారట, ఒక్కో బర్గర్ ఇరవై ఎనిమిది డాలర్లు. శ్రీవత్స దానికోసం నెల రోజులు ఎదురుచూశాడు. నేను సలాడ్ తీసుకున్నాను. చంద్రిక ఫ్రైస్, చీజ్ శాండ్‌విచ్ చెప్పింది.

"ఏంటి చంద్రికా, ఇన్నేళ్ళు అమెరికాలో ఉండి ఇంకా బీఫ్ ముట్టుకోలేదా? పల్లెటూరి భయాలన్నీ పక్కన పెట్టెయ్. ఒక్క బైట్ ట్రై చెయ్" అన్నాడు శ్రీవత్స.

"వద్దన్నా, నాకు పడది" అంది. అని మొగుడి వైపు చూసి నవ్వింది. అతను ప్లేటులోంచి తల ఎత్తలేదు. ఆ రాత్రి గ్రూప్‌లో ఆ బర్గర్‌కి తొమ్మిదిన్నర వచ్చింది.

మరుసటి నవంబర్‌లో ఆమెకు పాంక్రియాస్‌లో కాన్సర్ అన్నారు. వయసు ముప్ఫై నాలుగు. కీమో మొదలయ్యాక ముందు పోయింది జుట్టు కాదు, నాలుక. ఏది నోట్లో పెట్టినా ఇనప స్పూను చప్పరించినట్టుందని తోసేసేది. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళేముందు ఒక డబ్బా కిందికి పంపేదాన్ని. మెత్తటి పప్పన్నం, మిరియాల చారు, బీరకాయ, పెరుగన్నం. మధ్యాహ్నానికి డబ్బా కడిగి తుడిచి తిరిగొచ్చేది, లోపల రెండు చెంచాల పంచదారో ఒక నిమ్మకాయో వేసి. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని వాళ్ళమ్మ చెప్పిందట. లేచి నిలబడలేని మనిషి ఈ పద్ధతి మాత్రం వదల్లేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పక్కన కూర్చుని అడిగాను. "ఏదైనా తినాలనిపిస్తోందా? మొహమాటపడకు, ఏదైనా చెప్పు, చేసి పెడతాను."

"ఉందక్కా ఒకటి. కలలకు కూడ వస్తున్నది. మా అమ్మ పుంటికూరేసి చేసేది. అది తింటే నోరు మల్ల మంచిగయితదేమో అనిపిస్తది."

పుంటికూర అంటే గోంగూరేనని నాకు తెలుసు. "ఓస్, అంతేనా? గోంగూర పప్పు రేపే చేస్తాను" అన్నాను.

"అది నీతోని కాదక్కా" అని నా చెయ్యి నిమిరింది. నాతో కానిదేముందని నాకు కొంచెం రోషం కూడా వచ్చింది. మర్నాడు గోంగూర పప్పు పంపాను. థాంక్స్ అక్కా అని మెసేజ్ పెట్టింది.

మార్చిలో ఒక శనివారం. శనివారాలు నాకు వెంకటేశ్వరస్వామి పూజ, ఒంటిపూట భోజనం. మధ్యాహ్నం తలుపు తీస్తే మెట్లంతా ఘాటైన మాంసం వాసన, మసాలాతో. అది కోడి కాదు, మేక కాదు అని తెలిసిపోతోంది. మూడో అంతస్తులో కొత్తగా దిగిన కుర్రాళ్ళే అయ్యుంటారని అనుకున్నాను. అనుకున్నదాన్ని తలుపు తట్టి అడగొచ్చు. అడగలేదు. సోఫాలో కూర్చుని గ్రూప్‌లో మెసేజ్ కొట్టాను.

"ఫ్రెండ్స్, ఎవరో బీఫ్ కర్రీ వండుతున్నట్టున్నారు. శనివారం పూట కడుపులో తిప్పేస్తోంది. ఇలాంటివి బయట తినేసి వద్దాం ప్లీజ్!" చివర ముక్కు మూసుకున్న బొమ్మ ఒకటి.

పది నిమిషాల్లో ఆరు బొటనవేళ్ళు వచ్చాయి. శ్రీవత్స పక్క గదిలోంచే ఒకటి కొట్టాడు. ముందురోజు సాయంత్రం తిన్న బర్గర్‌కి అతను పెట్టిన మార్కులు నా మెసేజ్‌కి సరిగ్గా పైనే ఉన్నాయి. శశికాంత్‌ది రెండో బొటనవేలు. కాసేపటికి వాసన ఆగిపోయింది. చూశావా, మర్యాదగా చెప్తే అందరూ వింటారు అన్నాను శ్రీవత్సతో.

నాలుగు రోజుల తర్వాత పార్కింగ్‌లో శశికాంత్ మా ఆయన్ని ఆపాడు. నేను కార్లోంచి సామాన్లు దించుతున్నాను.

"అన్నా, మంచి బీఫ్ బర్గర్ యాడ దొరుకుతది? ధర ఎంతైనా పర్లే. అన్నిటికంటె మంచిది కావాలె. చంద్రికకు."

శ్రీవత్స మొహం వెలిగిపోయింది. డాక్టర్లు ప్రోటీన్ పెట్టమన్నారేమోనని నేను అనుకున్నాను. అతను మాత్రం ఆ చలిలో నిలబడి, బర్మింగ్‌హామ్ బర్గర్ గురించి పావుగంట పాఠం చెప్పాడు. ఆ కొవ్వు మాంసంలో ఎలా కలిసి ఉంటుంది, ఎంతసేపు కాల్చాలి, సాస్ వద్దని ఎందుకు చెప్పాలి. "కాస్ట్లీనే శశీ, కానీ వర్త్ ఎవ్రీ డాలర్. కళ్ళు మూసుకుని వెళ్ళు" అన్నాడు. శశికాంత్ ఒక్కొక్కటీ ఫోన్‌లో రాసుకున్నాడు. ఆ సాయంత్రమే వెళ్ళి తెచ్చాడు కూడా.

మే రెండో వారంలో చంద్రిక పోయింది. ఆ నెలంతా పొద్దున్నే లేచి అలవాటుగా రెండు డబ్బాలు తీసేదాన్ని. రెండోది మళ్ళీ లోపల పెట్టేటప్పుడు ఏడుపొచ్చేది. నాకు చెల్లెళ్ళు లేరు.

సెప్టెంబర్‌లో శశికాంత్ నార్త్ కరొలైనాలో, మోరిస్‌విల్‌లో ఉద్యోగం చూసుకుని ఇల్లు ఖాళీ చేశాడు. వెళ్ళేముందు పొద్దున మా ఇంటికొచ్చాడు, మిగిలిపోయిన నా స్టీలు డబ్బా ఒకటి ఇవ్వడానికి. మూత తీస్తే పంచదార. కాఫీ ఇచ్చాను.

"ఆ బర్గర్ అయినా ఇష్టంగా తిందా శశీ?" అని అడిగాడు శ్రీవత్స.

"ఒక్క ముక్క కొరికిందన్నా. కారం లేదు, చీకనీకె బొక్క లేదు, నమలనీకె ఏం లేదన్నది. గింత ధర పెట్టి తెచ్చినవ్, గని ఇది పెద్దకూర కాదన్నది. మిగిలింది నన్ను తినమన్నది."

"పెద్ద కూరేంటి? పక్కన కర్రీ కూడా తెచ్చావా?" అన్నాడు శ్రీవత్స.

శశికాంత్ కప్పు కింద పెట్టాడు. "బీఫే అన్నా. మా దిక్కు గట్లంటం. మీరు బయట తినేదే. మేం ఇంట్ల వండుకుంటం."

నా చేతిలో డబ్బా ఉంది. పంచదార ఒలికిపోకుండా దాన్ని బల్ల మీద పెట్టాను. చంద్రిక పుంటికూర అంది. నీతో కాదు అంది. చికెన్, మటన్ అని ఆగిపోయింది.

"మార్చిలో, ఆ శనివారం..." అన్నాను.

అతను కిటికీ వైపు చూశాడు. "ఇప్పుడెందుకు వదినా అవన్ని."

"చెప్పు శశీ."

"డియర్‌బోర్న్‌ల మాంసం దుకాణం పోయి బొక్కలున్న పెద్దకూర తెచ్చిన. బాల్కనీల ఆమె పెట్టిన పుంటికూర సలికి సచ్చిపోయింది, దుకాణంల కొన్న. అత్తమ్మను వీడియోల పెట్టుకుని ఆమె చెప్పినట్టు వండిన. చంద్రిక కిచెన్‌ల కుర్చీ ఏసుకుని కూసున్నది. నాలుగు నెలల తర్వాత ఆకలైతుందన్నది వదినా. ఇంక సగమే ఉడికింది. మీ మెసేజ్ వచ్చింది."

"అది నువ్వని నాకు తెలీదు. తెలిస్తే..."

"నాకు తెల్సు. నేను ఆపొద్దన్న. తలుపు పెట్టి వండుదామన్న. ఆమెనే లేచి పొయ్యి బంద్ చేసింది. విద్యక్క రోజు మనకు అన్నం పంపుతది, ఆమె పూజల ఉంటది, ఆమెను తిప్పలు పెట్టొద్దన్నది. ఆ బొటనవేలు కూడ నాది కాదు. నా ఫోన్ తీస్కొని ఆమెనే కొట్టింది."

శ్రీవత్స లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. నేను ఏడుస్తున్నానని నాకు తర్వాత తెలిసింది. ఏం చేస్తే కొంచెమైనా సరిపోతుందో అర్థం కాక, నోటికొచ్చింది అనేశాను.

"ఇవాళ వండు శశీ. ఇక్కడే, నా పొయ్యి మీద వండు. నేను ఉల్లిపాయలు తరిగిస్తాను. వాసన ఊరంతా రానీ."

శశికాంత్ లేచాడు. చాలా మర్యాదస్తుడు, ఆ పూట కూడా చేతులు జోడించాడు. బయట మూవర్ల ట్రక్కు హారన్ కొడుతోంది.

"ఎవలికి వదినా?" అన్నాడు.

అతను మెట్లు దిగి వెళ్ళిపోయాక ఫోన్ తీసి మార్చి నెల దాకా వెనక్కి వెళ్ళాను. మెసేజ్ అక్కడే ఉంది. దాన్ని అందరికీ కనపడకుండా తీసేసే గడువు ఎప్పుడో దాటిపోయింది. కింద ఆరు బొటనవేళ్ళు ఉన్నాయి. రెండోది చంద్రికది.