తెల్లగా పుట్టిన అల్సేషన్ పిల్ల

తెల్లగా పుట్టిందని ఆ కుక్కపిల్లను అడవిలో పారేసి రమ్మన్నారు.

పోయినేడు మార్కాపురంలో బస్సెక్కితే, నా పక్కన కూర్చున్నాయన ఒళ్లో సంచి, ఆ సంచిలో అది నిద్రపోతా ఉంది. కుక్కల్ని పెంచి అమ్మే షెడ్డులో పని ఆయనది.

"అల్సేషనుకు తెలుపు పనికిరాదంట తాతా. కుక్కల పోటీల్లో తీసేస్తారంట. ఓనరు ఉంచనన్నాడు."

బడి ముఖం చూడకపోయినా పుస్తకాలు తిరగేసినోణ్ని, ఊరుకుంటానా?

"ఆ తెలుపు తల్లీతండ్రీ ఇద్దరూ ఇస్తేనే వచ్చేది! పిల్లదేం తప్పు? మోసుకుపోతున్నావే, నీకైనా మనసుండొద్దా?"

దారి పొడుగునా తిట్టినాను. ఆయన ఉలకలేదు, పలకలేదు. కంభంలో దిగబోతా సంచిని ఎదకు హత్తుకొని, నా చెవి దగ్గరికి వంగినాడు.

"నేనూ గట్టిగా మాట్లాడితే ఇది లేస్తాదని ఊరుకున్నా తాతా. ముందు పారేయమన్న మూడూ మా ఇంట్లోనే ఉండాయి."