మొటిమలకు మొక్కిన వాడ

ఇలా దగ్గరికి జరిగి కూచోండి. చేతిలో పని ఉంటే పక్కన పెట్టనక్కర్లేదు, చేసుకుంటూనే వినొచ్చు. ఆ రోజుల్లో మా కొత్తవాడ ఇండ్లలో అద్దమంటే గోడకు వేలాడే అరచేతంత ముక్క. మగవాళ్లు గడ్డం గీసుకోవడానికి తప్ప దాని వంక ఎవరూ చూసేవాళ్లు కాదు. మన ముఖం ఎట్లా ఉందో ఎదుటివాళ్లు చెబితేనే మనకు తెలిసేది. నాకు పద్నాలుగో ఏడు నడుస్తుండగా నా ముఖం సంగతి వాడంతా కలిసి నాకు చెప్పింది. అదీ తప్పుగా చెప్పింది.

మా ఇంట్లో జంపఖానాలు నేసేవాళ్లు. నూలుకు రంగు కాచే గంగాళం కింద మంట ఎగదోయడం నా పని. ఆ మాఘమాసంలో, అడవిలో తల్లులు కొలువైన మేడారం జాతరకు పోదామని వాడలో కొందరు కలిసి బండి మాట్లాడుకున్నారు. బండి మా పక్కింటి మామది (బండిమామ అనేవాళ్లం, చుట్టమేమీ కాదు, పిలుపే చుట్టరికం). నన్నూ ఎక్కించుకుంటానన్నాడు. అప్పటిదాకా నేను అడవిని చూసి ఎరగను. నిద్రలో కూడా ఎద్దుల మెడల గంటలే వినబడేవి. తీరా ప్రయాణం దగ్గరపడిందనగా నా బుగ్గల మీదా నుదుటి మీదా ఎర్రటి పొక్కులు లేచాయి. నాయనమ్మ చూసి నుదుటి మీద చెయ్యి పెట్టింది. అప్పుడే గంగాళం పొయ్యి ముందు నుంచి లేచి వచ్చానేమో, నుదురు కాలిపోతోంది. "పోరికి తల్లి పోసింది" అన్నది. అంతే, ఆ మాటే ఖాయమైంది.

తల్లి పోయడమంటే మశూచి. అప్పట్లో దాన్ని జబ్బు అనకూడదు, ఆ తల్లే ఇంటికి చుట్టంగా వచ్చిందనుకోవాలి. గుమ్మానికి వేపమండలు కట్టారు. నన్ను మంచం మీద వేపాకులు పరిచి పడుకోబెట్టారు. ఇంట్లో తాలింపు బంద్ (ఆ చిటపటకు తల్లికి కోపమొస్తుందట). మా నాయన చప్పిడి పప్పు కలుపుకుంటూ నా వైపు అదోలా చూసేవాడు గాని నోరు విప్పేవాడు కాదు, దేవతను ఎవరేమనగలరు? రేగుపండ్ల దొంగ అని మొన్నమొన్నటిదాకా నన్ను తరిమిన ఎదురింటి పెద్దమ్మ, చల్లచెంబుతో వచ్చి గడప బయట నిలబడి, "తల్లీ, సల్లగ సూడు. మా పోరగాండ్ల దిక్కు రాకు" అని చేతులు జోడించింది. నేను ఊరుకోవచ్చు కదా, చెయ్యెత్తి దీవించాను. (ఆమె పిల్లలంతా ఈనాటికీ గట్టిగా ఉన్నారు. ఆ పేరు మాత్రం నాకు రాలేదు.)

దేవతగిరీ బాగానే ఉందనుకుంటుండగా బండిమామ వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. నన్ను తీసుకుపోవడం కుదరదన్నాడు. బండిలో ఇంకా పిల్లలున్నారు. పైగా, "తల్లి ఇంట్లనే ఉండంగ మళ్ల తల్లి కాడికి తోలుకపోవుడేంది?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. నేను ఏడుస్తుంటే నాయనమ్మ హడలిపోయి, తల్లి అలిగింది, ఎక్కడో లోపం జరిగిందని ఇంకో మోపు వేపమండలు తెప్పించింది.

అప్పుడు లేచింది మా చిన్నమ్మ, బాబాయి భార్య. తొలిచూలు, కడుపుతో ఉంది. తాలింపు లేని ముద్ద ఆమెకు గొంతు దిగడం లేదు. అత్త ముందు గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి కంచం ముందు నుంచి లేచి వచ్చి నాయనమ్మ ఎదురుగా నిలబడింది.

"అత్తమ్మా, పోరికి జరమే లేదు. మొగం మీద ఏది లేసినా తల్లే అయితే, నా బుగ్గల మీద ఈ మంగేంది? కడుపు పడ్డప్పటి సంది నల్లగ పరుసుకున్నది. ఇది ఏ తల్లి? నీ మొగం పొద్దుగూకంగ నిప్పులెక్క ఎర్రగయితది, ఇంత సలిల గూడ చెమటలు కారుతయి. గదెవ్వరు పోసిన్రు? ఒక్కింట్ల ముగ్గురు తల్లులుంటే మనుషులం మనమెక్కడుండాలె?"

మగ్గం చప్పుడు ఆగిపోయింది. నాయనమ్మ ఆ చెమటల సంగతి ఎవరి కంటా పడలేదనుకుంది. చెంగుతో మెడ తుడుచుకుంది. "నాది తల్లి గాదు," అంది మెల్లగా. "నాకు వయసు మళ్లుతాంది." అని నా వైపు తిరిగింది. నా నుదుటి మీద మళ్లీ చెయ్యి పెట్టింది. ఈసారి చల్లగా ఉంది. "దీనికి వయసొస్తాంది."

"నడుమ నేనున్న," అన్నది చిన్నమ్మ.

నాయనమ్మ నవ్విందో లేదో నాకు కనబడలేదు. లేచి పొయ్యి దగ్గరికి పోయింది. కాసేపటికి నూనెలో ఆవాలు చిటపటమన్నాయి, ఎండుమిరపకాయ ఘాటు వాకిలి దాకా పోయి, ఇంకా అక్కడే ఉన్న బండిమామను తుమ్మించింది. తుమ్ము ఆగాక అతను, "పోపు పడ్డదంటే ఫికర్ లేదు. పొద్దుగాల తయారుండు బిడ్డా" అన్నాడు.

అట్లా నేను అడవిని చూశాను. బండి అంచున కాళ్లు వేలాడేసి, మొటిమల ముఖం చెట్లకు చూపించుకుంటూ పోయాను. పెళ్లయ్యాక తొలికాన్పుకు నా బుగ్గలకూ మంగు వచ్చింది, కాన్పు తరవాత మెల్లగా పలచబడింది. యాభయ్యో ఏడు దగ్గర చలికాలంలో విసనకర్ర పట్టుకుని కూచున్నాను. ఎవరూ చల్ల తేలేదు, చేతులు జోడించలేదు. వంట ఎంతదాకా వచ్చిందని అడిగారు. ఇప్పుడీ ముడతల చర్మం మీద దోమ కుట్టినా పొంగదు. ఒక బండి ప్రయాణం కోసం దేవత పదవి వదులుకుని మురిసిపోయిన ఆ పిల్ల ఎదురుపడితే, తొందరపడకే, ఇంకో రెండు పూటలు పడుకోవే, మళ్లీ ఇంత సుఖం దొరకదు అని చెబుదును. వినేది కాదు లెండి.

విన్నారు కదా, సంతోషం. మీ ఇల్లు పాడిపంటలతో పచ్చగా ఉండాలి. మీ ఆడపిల్లలు ఏ వయసులోనైనా అద్దం ముందు నవ్వుతూ నిలబడాలి.