తూర్పు గోడలో జల

మా ఊరి మంచినీళ్ల బావిని తవ్వినవాళ్లలో మా అమ్మమ్మ వాళ్ల నాన్న ఒకడు. తవ్వడం వరకే ఆయన పని. నీళ్లు పడ్డాక, అంటరానివాళ్లని, ఊరి బయటుండే మా పల్లెవాళ్లెవరూ గట్టు ఎక్కకూడదన్నారు. అమ్మమ్మ చిన్నతనమంతా కింద బిందె పెట్టుకుని, ఎవరైనా తోడి పోస్తారేమోనని ఎదురుచూడటంతోనే గడిచింది. తర్వాత రోజులు మారాయి, బోర్లొచ్చాయి. బావి ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. ఎండిన మిరప కట్టె, చిరిగిన గోతాలు అందులో పడేశారు.

మొన్నటి వేసవిలో బోర్లన్నీ వరసగా ఎండిపోయాయి. కొత్తగా వేసినవాటిలో దుమ్మే లేచింది. ప్రెసిడెంటు గారు పాత బావి పూడిక తీద్దామన్నారు. ఊరూ పల్లే కలిసి పనిలోకి దిగాయి. నేను ఊరి బడిలో టీచర్ని. సెలవులే కాబట్టి తట్టలందించే వరసలో నిలబడ్డాను. నాకు ముందు పత్తి రైతుల ఇళ్ల ఆడవాళ్లు, వెనక మా పాస్టరు గారి భార్య.

ఐదో రోజు అడుగున రాయి తగిలింది. చెమ్మన్నదే లేదు. ప్రెసిడెంటు గారు తలపాగా విప్పి మొహం తుడుచుకుని, "రేపటి నుంచి ఎవరూ రాకండమ్మా" అన్నారు.

ఇంటికొచ్చి అమ్మమ్మకు చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"తూర్పు గోడ చూశారా?"

"గోడలో ఏముంటుంది అమ్మమ్మా?"

"జల పడింది అడుగున కాదే. గోడలో, రెండు బండల సందున. మా నాయన ఎన్నిసార్లు చెప్పాడో!"

పొద్దున్నే కర్ర పట్టుకుని నాతో బావి దగ్గరికి బయల్దేరింది. ప్రెసిడెంటు గారిని పిలిపించి అదే మాట చెప్పింది. అక్కడున్న ఒక పెద్దాయన నవ్వాడు. "నువ్వెప్పుడన్నా దిగి చూశావా ఏంది?"

"గట్టే ఎక్కనివ్వలేదు గదయ్యా మీ పెద్దోళ్లు, ఇంక దిగేదెక్కడ! తవ్వినోడు చెబితే విన్నా."

ఆయన నవ్వు ఆగిపోయింది. ప్రెసిడెంటు గారు ఒక్క క్షణం తల వంచుకుని, "ఒరేయ్, గునపాలు తీసుకుని దిగండ్రా!" అని కేకేశారు.

మధ్యాహ్నం దాకా తూర్పు గోడ గోకుతూనే ఉన్నారు. గట్టిపడిన బంకమట్టి పెళ్లలుగా ఊడుతోంది. చివరికి లోపలి నుంచి ఒకడు అరిచాడు, "కాళ్లు తడుస్తున్నాయి రోయ్!" తొంగి చూశాను. బండల సందులోంచి బురదనీళ్లు వేలెడు లావున కారుతున్నాయి. చూస్తుండగానే చెయ్యంత ధార అయింది. తట్టలు గాల్లోకి ఎగిరాయి. పాస్టరు గారి భార్య నన్ను వాటేసుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

మూడో నాటికి నీళ్లు తేటపడ్డాయి. మొదటి చేద తోడమని ప్రెసిడెంటు గారు అమ్మమ్మనే పిలిచారు. సాయం పట్టబోతే నా చెయ్యి తోసేసింది. గట్టెక్కి, నిటారుగా నిలబడి, తాడు తనే లాగింది. రెండు దోసిళ్లు తాగి, పెదాలు చప్పరించి, "తియ్యగా ఉన్నాయి" అంది. ఊరంతా ఈలలు, కేకలు. ఆమె మాత్రం వాళ్ల నాయన పేరు గట్టిగా, అందరికీ వినబడేలా మూడుసార్లు పలికింది.

మర్నాడు పొద్దున్నే గట్టు మీద పెద్ద గొడవ. మా పక్కింటావిడా, ప్రెసిడెంటు గారి కోడలూ ఒకరి బిందె ఒకరు పక్కకు నెడుతున్నారు. "నేను ముందొచ్చా!" "కాదు, నేను!" ఇంకే తేడా లేదు వాళ్ల మధ్య, ఎవరు ముందొచ్చారన్నదొక్కటే తగాదా.