అండాలమ్మ ఆపిన స్ట్రెచర్

అండాలమ్మకు చదువు రాదు గానీ దవాఖాన మాత్రం కంఠతా వచ్చు. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ సందులోని ఆ ముప్పై మంచాల ఆసుపత్రిలో ఆయాగా చేరి పద్దెనిమిదేళ్ళు. ఏ తలుపు కిర్రుమంటుందో, ఏ డాక్టరుకు ఏ పూట కోపమొస్తుందో యజమానికన్నా ఆమెకే బాగా తెలుసు. అంతటి మనిషీ రెండువేల తొమ్మిది డిసెంబరులో ఒకరోజు నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

తెలంగాణ ఉద్యమంతో ఊరు అట్టుడుకుతోంది. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో, ఎక్కడి బస్సులక్కడే. అలాంటి పొద్దున కోటేశ్వరమ్మ కూతురు తేజస్వినిని కొత్తపేట నుంచి ఆటోలో వేసుకొచ్చింది. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్ళది. పిల్ల కడుపుతో ఉంది, ఏడో నెల. ఒళ్ళు కాలిపోతోంది, మాట మాటకూ ఆయాసం. స్వైన్ ఫ్లూ అనుకుంది డాక్టర్ సూర్యప్రభ. అలాంటి రోగులను చేర్చుకునే పెద్దాసుపత్రి నగరానికి ఆ చివరన ఉంది. దారి తెరుచుకునేదాకా తల్లీ బిడ్డా నిలుస్తారని ఎవరూ చెప్పలేరు.

"ఇక్కడే చూద్దాం" అంది డాక్టరు.

రెండు గంటల్లో ఆసుపత్రి రూపే మారిపోయింది. పైఅంతస్తు చివరి స్టోరు గది వార్డయింది. వెనక మెట్లు ఆ గదికి, ముందు మెట్లు మిగతావాళ్ళకు. ఆ గదిలోకెళ్ళే నర్సు ఇంకో మంచం ముట్టకూడదు. కాపలావాడితో సహా అందరి మూతులకూ మాస్కులు. చలికాలమని చూడకుండా వరండా కిటికీలన్నీ బార్లా తీశారు.

"ఇన్నేండ్ల సంది జూస్తున్న, గింత తెలివి యాడ దాచుకున్నదమ్మా గీ దవాఖాన!" అని బుగ్గలు నొక్కుకుంది అండాలమ్మ.

గదిలో గాలిని ఖాళీ జాగా వైపు తోసెయ్యడానికి కిటికీకి పెద్ద ఫ్యాను పెట్టమన్నారు. బిగించినవాడు మహేందర్, ఏటా ఎండాకాలమంతా ఇంటింటికీ కూలర్లు బాగుచేసే మెకానిక్.

కొత్త గది తెరిస్తే అగరుబత్తి వెలిగించనిదే అండాలమ్మకు మనసొప్పదు. ఆక్సిజన్ సిలిండరు రాకముందే గబగబా ఓ పుల్ల వెలిగించింది. పొగ కిటికీ వైపు పోలేదు. తలుపు దాటి, తిన్నగా ఎదురుగా ఉన్న బాలింతల గదిలోకి నడిచింది. కూలర్లకు అలవాటైన మహేందర్ చెయ్యి ఊరుకుంటుందా? కూలరు బిగించినట్టే బిగించాడు మహానుభావుడు, గాలి లోపలికి కొట్టేలా!

పుల్ల ఆర్పేసి పరుగెత్తింది. తేజస్విని స్ట్రెచరు అప్పటికే సగం మెట్లెక్కింది.

"ఆగుండ్రి! పైకి తేవద్దు!" అని చేతులు అడ్డం పెట్టింది.

కోటేశ్వరమ్మ భగ్గుమంది. "మేం ఆంధ్రావాళ్ళమనా? నా పిల్ల ఊపిరాడక గిలగిల్లాడుతుంటే అడ్డం నిలబడతావా?"

అండాలమ్మ మనసు చివుక్కుమంది. చేతులు మాత్రం దించలేదు. "గట్లనకు తల్లీ. ఫ్యాను ఉల్టా బిగించిండు డాక్టరమ్మా. లోపలి గాలంతా పసిపిల్లల మీదికే పోతది. జర పది నిమిషాలియ్యిండ్రి."

సూర్యప్రభ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. "కిందికి దించండి. సిలిండరు ఇక్కడికే తెండి" అంది.

స్కూటర్ల షెడ్డులోనే ఆక్సిజన్ పెట్టారు. మహేందర్ నాలుక కరుచుకుని ఫ్యాను తిప్పి బిగించాడు. అండాలమ్మ మళ్ళీ పుల్ల వెలిగించింది. పొగ బుద్ధిగా కిటికీలోంచి వెళ్ళిపోయింది. కంటికి కనపడని గాలికి దారి వేసి, ఇటు పో అంటే పోయేలా చేశారే మనుషులు! ఆమె ఒళ్ళు జలదరించింది.

తేజస్వినిని పైకి చేర్చాక, ఆ గదికి ఆయాగా తనే పేరిచ్చి, ఇంటికి పోకుండా అక్కడే ఉండిపోయింది. కోటేశ్వరమ్మను పైకి రానివ్వరు. ఆమె షెడ్డులో కూర్చుని వెనక మెట్ల వైపే చూసేది. "ఉన్నదమ్మా" అని పైనుంచి అండాలమ్మ పూటకోసారి చెప్పేది. కింద కోటేశ్వరమ్మ తలూపేది.

ఏడో రోజు పొద్దున తేజస్విని ముక్కు మీది గొట్టం సర్దుకుని నెమ్మదిగా అంది. "అండాలమ్మగారూ, ఆకలేస్తోంది. లోపల వీడూ తంతున్నాడు."

అండాలమ్మ చేతులు కడుక్కుని మెట్ల మీదికి ఉరికింది. "కోటేశ్వరమ్మా! నీ బిడ్డకు ఆకలైతాందట! కడుపుల పిల్లగాడు తంతుండట!"

కోటేశ్వరమ్మ లేచి నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుని పైకి చూసింది.

"ఏం వండను వదినా? నీకూ కలిపే తెస్తాను."