ఒక్క నోటి వాద్యం

పెళ్ళైన కొత్తలో మొగుడు చేసే పనేమిటో నలుగురికీ చెప్పాలంటే ఆవిడకు నోరు పెగిలేది కాదు. అరచేతిలో ఇమిడిపోయే ఇనప చట్రం, దాని మధ్య సన్నటి ఉక్కు నాలుక. చట్రాన్ని ముందుపళ్ళకు ఆనించి, నాలుకను వేలితో మీటుతూ, నోటిని రకరకాలుగా మలిచి పాట పలికించాలి. మోర్సింగ్ అంటారు దాన్ని. జుయ్యిమనే ఆ చప్పుడు విని ఆవిడ మాత్రం "మీ దోమ" అనేది. ఆ మాట వీధంతా పాకి, చివరికి ఆయన పేరే దోమ మాస్టారు అయి కూర్చుంది.

మాస్టారు ఏమీ అనుకునేవాడు కాదు. నాటకాల బృందంలో కప్పల బెకబెకలూ, గుర్రం నడకా, వాన చప్పుడూ అన్నీ ఆ ఇనప ముక్కతోనే పలికించాడు. రేడియోవాళ్ళు పిలిచారు. జానపద సభల్లో ముందు వరుసవాళ్ళు చెవులు రిక్కించేవారు, వెనక వరుసవాళ్ళు కబుర్లు చెప్పుకునేవారు. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని, జలపాతం కింద నిలబడ్డవాడిలా ఊగిపోయేవాడు. అంత చిన్న గొణుగుడికి అంత మైమరపేమిటో ఆవిడకు అంతుపట్టేది కాదు.

వాయించేవాళ్ళకు ఒక నియమం ఉంది. ఒక మోర్సింగ్‌కు ఒకే నోరు, ఇంకొకరి ఎంగిలి తగలకూడదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ దాన్ని తుడిచి డబ్బాలో పెట్టిందే కానీ పెదవికి తాకించిన పాపాన పోలేదు.

చివరికి మాస్టారి పళ్ళు కదిలాయి. పళ్ళ డాక్టరు రెండు వరుసలూ తీసేసి కట్టుడు పళ్ళు పెట్టాడు. వాటికి ఆనించి మీటితే టకటకా కొట్టుకున్నాయి తప్ప నాదం పుట్టలేదు. మాస్టారు డబ్బా మూత బిగించేశాడు. కంచం ముందు కూర్చునేవాడు, ముద్ద ఎత్తేవాడు కాదు. దోమ గోల లేని ఇల్లు ఇంత భయపెడుతుందని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

ఒక మధ్యాహ్నం డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నా పళ్ళు గట్టిగానే ఉన్నాయిగా. నేను పట్టుకుంటా, మీరు మీటండి."

"పిచ్చిదానా, ఎంగిలే!"

"మీ ఎంగిలి నాకు కొత్తా ఏంటి? కానివ్వండి."

కట్టుడు పళ్ళు తీసి పక్కన పెట్టిన మాస్టారు బోసినోటితో సిగ్గుపడ్డాడు. చట్రాన్ని ఆవిడ పళ్ళకు ఆనించి, "కొరక్కు, ఊరికే ఆనించి ఉంచు. లోపల్లోపలే ఆ అను, ఈ అను" అంటూ మీటాడు.

ఆవిడ ఉలిక్కిపడింది. ఇది గొణుగుడు కాదు. దవడల్లోంచి నడినెత్తి దాకా, తల నిండిపోయేంత పెద్ద మోత. నోరు కాస్త కదిపితే చాలు, ఆ మోతలోంచి స్వరాలు ఒక్కొక్కటే లేచి చెవుల వెనక తిరుగుతున్నాయి. అంత అద్భుతం తన తలలోనే జరుగుతోందంటే ఆవిడకు నమ్మకం కలగలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"ఏమండీ, ఇన్నాళ్ళూ మీకు ఇలా వినపడేదా?"

"మరి? బయటికొచ్చేదే దోమ."

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెప్తే వినపడుతుందా?"

తర్వాతి సభలో వేదిక మీద రెండు కుర్చీలు వేశారు. వెనక వరుసవాళ్ళు మామూలుగానే కబుర్లలో ఉన్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని ఊగిపోతోంది. ఇప్పుడు మాస్టారి చెవిన పడేది దోమ గోలే. అయినా ఆవిడ ముఖం చూస్తూ, పాట అయిపోయాక కూడా ఆయన మీటుతూనే ఉన్నాడు.