ఎకనామిక్సా, పొలిటికల్ సైన్సా, మూడో గ్లాసు చాయా

మొన్న మనవరాలు ఫోన్ చేసి, పీజీలో ఎకనామిక్స్ తీసుకోవాలా, పొలిటికల్ సైన్స్ తీసుకోవాలా తాతా, సాయంత్రంలోగా చెప్పు అంది. ఎకనామిక్స్ చదివి, ఉద్యోగమంతా అదే పాఠం చెప్పినవాణ్ని కనుక ఠక్కున తేల్చేస్తాననుకుంది పాపం. నాకేమో గోదావరిఖనిలో ఇదే ప్రశ్న ముందు బిక్కమొహం వేసుకుని నిలబడ్డ పాత నేనే గుర్తొచ్చాను.

యూనివర్సిటీలో నాకు రెండింట్లోనూ సీటొచ్చింది. అర్థశాస్త్రమంటే అర్థమయ్యే శాస్త్రం కాబోలని కొంత, రాజనీతి చదివితే రాజాలా బతకొచ్చని కొంత, అంతే నా పరిజ్ఞానం. మా బాపు, మేనమామ ఒకే గనిలో ఒకే షిఫ్టుకు దిగేవారు. కాని యూనియన్ ఎన్నికల్లో చెరో జెండా పట్టి మాటా మాటా అనుకున్ననాటి నుంచి, ఒకరి టోపీ దీపం వెలుగు ఇంకొకరి మొహం మీద పడినా తల తిప్పుకునేవారట. మామ మా క్వార్టర్ గడప తొక్కడం మానేశాడు. నడుమ నలిగింది మా అవ్వ, అంటే మా అమ్మ. తమ్ముడి పేరెత్తితే బాపుకు కోపం, ఎత్తకుంటే ఆమెకు అన్నం సహించదు.

షిఫ్టు దిగాక చాయ్ హోటల్లో బాపు తన వాళ్లతో, కొడుకు ఎకనామిక్స్‌లో చేరతాడని చెప్పడం మామ చెవిన పడింది. అవతలి బెంచీ అవునంటే ఇవతలి బెంచీ కాదనడం మా దగ్గర ధర్మమని ఆ రోజులెరిగిన మీకు వేరే చెప్పాలా? ఆ సాయంత్రమే మామ విసవిసా ఇంట్లోకి వచ్చేశాడు.

“పోరన్ని పొలిటికల్ సైన్స్‌ల ఎయ్యి బావా. రేపు మనకు హక్కులు జెప్పెటోడు గావాలె.”

“హక్కులు జెప్ప మీ యూనియనోళ్లు లేరా? పొద్దుందాక మైకుల అదేనాయె. నాకు లెక్క దెలిసినోడు గావాలె” అన్నాడు బాపు.

ఎంతో కాలానికి వాళ్లిద్దరి మధ్య నడిచిన మొదటి మాటలవి. తిట్లలా ఉన్నా మాటలే కదా! అవ్వ గబగబా పోయి మూడో గ్లాసు చాయ్‌కి నీళ్లు పెట్టింది.

మర్నాడూ వచ్చాడు మామ, ఆ మర్నాడూ వచ్చాడు. నేను ఆయన మాటకో సగం, బాపు మాటకో సగం తల ఊపుతూ, చివరికి ఒక పొద్దున ఎకనామిక్సేనని తేల్చుకుని అవ్వకు చెబితే, ఆమె సంబరపడడానికి బదులు తలుపు దగ్గరకేసింది.

“గప్పుడే జెప్పకు బిడ్డా. ఇంక గడువుంది గద, మంచిగ ఆలోచన జెయ్యి.”

నా అయోమయం ఆ ఇంటికి ఎంత అవసరమో అప్పుడు తెలిసింది. అవ్వ మాట మీద నిజంగానే ఆలోచించాను. ఆలోచించిన కొద్దీ తేలిందీ తేలిపోయింది.

చివరికి ఎకనామిక్స్‌లోనే చేరాను. ఆ కబురు మామకు అందిన సాయంత్రం, అవ్వ అలవాటుగా మూడు గ్లాసులు నింపి కూర్చుంది. మూడో గ్లాసు మీద మీగడ కట్టింది. అప్పుడు వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

“గెలిస్తివి తియ్యి బావా. ఇగ పోరడు హాస్టల్ల ఉంటడా, రూంల ఉంటడా? నేనైతే రూమే అంట.”

బాపు వెంటనే హాస్టలన్నాడు. అవ్వ చల్లారిన చాయ్‌ని మళ్లీ పొయ్యెక్కించింది.

ఇప్పుడు ఇలాంటివన్నీ వేలితో ఒక్క నొక్కు నొక్కితే తేలిపోతున్నాయి. తేల్చుకోవడానికి ఒకరింటికి ఒకరు పోవలసిన పనే లేదు. గడువెప్పటిదాకా అని మనవరాలినడిగితే, ఇంకా వారముందట, అయినా ఇవాళే ముగించేస్తుందట. తొందరెందుకు, మీ నాన్ననూ మామనూ వెంటబెట్టుకుని ఒకసారి ఇంటికి రా, నాకేమీ తోచడం లేదు అన్నాను. అబద్ధమేమీ కాదు. ఇన్నేళ్లు పాఠం చెప్పినా, ఆ రెండింట్లో ఏది మంచిదో నాకు ఇప్పటికీ తెలియదు.